తిరగని మణికట్టుకు పనికొచ్చే రిమోట్ ఏది?

చేతిలో పట్టుకొని గాలిలో కదిపితే తెర మీది బాణం గుర్తును నడిపే రిమోట్‌లు, వేలితో రాస్తే పేజీలు జరిపే రిమోట్‌లు, ఈ రెండు పనులనూ ఒక్కచోట కలిపిన పరికరాలు ఇప్పుడు నల్లగొండ దుకాణాల్లో కూడా సులువుగా దొరుకుతున్నాయి. వీటి గురించి నేను చదివిన సమీక్షలు చాలావరకు వేగం, గురి, బ్యాటరీ మన్నిక అనే కొలతలతోనే ముగిశాయి. ఈ సమీక్షకు నేను పెట్టుకున్న కొలత వేరు. పరికరం తన పని చేయడానికి మనిషి చేతి నుంచి ఎంత కదలికను అడుగుతున్నది, అంత కదలిక ఇవ్వలేని చేతికి మరో దారి చూపుతున్నదా లేదా అన్నదే నేను చూసిన విషయం. ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షిస్తే ధర ఎక్కువైన పరికరాలు కొన్ని వెనుకబడ్డాయి, ఒక చవక పరికరం ముందుకు వచ్చింది.

నేను నల్లగొండలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. తరగతి గదిలో పెద్ద తెర మీద పాఠం నడపడానికి ఇటువంటి పరికరం నాకు రోజూ అవసరం. మాతో పాటు ఉంటున్న మా మేనమామది మర్రిగూడ మండలం. ఆ ఊళ్లలో, పక్కనే ఉన్న నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి పెరిగిన తరానికి ఫ్లోరైడ్ ఏమి చేసిందో ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు ఉన్న ఆ పదార్థం ఏళ్ల తరబడి అంతకు మించి ఒంట్లోకి చేరితే ఎముకల్లోనూ, కీళ్లను పట్టి ఉంచే స్నాయువుల్లోనూ పేరుకొని మెడను, వెన్నును, భుజాన్ని, మోచేతిని మెల్లమెల్లగా బిగించేస్తుంది. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి మన జిల్లా పేరే పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అన్నారు. ఇప్పుడు ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు చేరుతున్నాయి, పిల్లల విషయంలో ఆ భయం తగ్గింది. కానీ ఒకసారి బిగిసిన కీళ్లు మళ్లీ వదులు కావు. మామ మోచేతిని పూర్తిగా చాపలేరు, ముంజేతిని తిప్పలేరు, మణికట్టు పక్కలకు కొద్దిగా మాత్రమే ఆడుతుంది. తరగతి గదిలో నా చేతికి, ఇంట్లో ఆయన చేతికి ఒకే పరికరాన్ని ఇచ్చి చూడటమే నేను చేసిన పరీక్ష.

ఈ పరికరాల లోపల ఏమున్నదో కొంత తెలిస్తే తప్ప ఏది ఎందుకు తడబడుతున్నదో అర్థం కాదు. మొదటిది యాక్సిలరోమీటర్. సిలికాన్ చిప్పులో అతి సన్నని స్ప్రింగుల మీద ఒక చిన్న ద్రవ్యరాశి నిలిచి ఉంటుంది. పరికరాన్ని కదిపినప్పుడు, వంచినప్పుడు ఆ ద్రవ్యరాశి జరుగుతుంది, దాని పక్కనున్న పలకల మధ్య కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యం, మారుతుంది. చేయి నిశ్చలంగా ఉన్నా భూమ్యాకర్షణ దాని మీద పనిచేస్తూనే ఉంటుంది కనుక ‘కింద’ అంటే ఎటో ఈ చిప్పుకు అప్పుడు తెలుస్తుంది. రెండోది గైరోస్కోప్. ఇందులోని ద్రవ్యరాశి ఆగకుండా కంపిస్తూ ఉంటుంది, పరికరాన్ని తిప్పితే, తిరిగే వాటిలో కదిలే వస్తువు మీద కనిపించే కొరియాలిస్ బలం దాన్ని అడ్డంగా నెడుతుంది, ఆ నెట్టుడును బట్టి సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతున్నామో లెక్క తేలుతుంది. మూడోది వేలి స్పర్శను గుర్తించే పలక. వేలు దగ్గరకు వస్తే అక్కడి విద్యుత్ క్షేత్రం మారి, అక్కడ కూడా కెపాసిటెన్సే మారుతుంది. ఇంటర్మీడియెట్‌లో రెండు సమాంతర పలకలతో మొదలుపెట్టి మనం చెప్పే పాఠం ఇంత దూరం వచ్చి మనిషి చేతిలో కూర్చోవడం నాకు ఎప్పటికీ ఆనందం కలిగించే విషయం.

చేతి కదలికతో నడిపే పద్ధతిని ఇంటింటికీ తెచ్చిన పరికరం 2006లో వచ్చిన నింటెండో వీ అనే ఆటల యంత్రపు రిమోట్. అందులో మొదట ఉన్నది యాక్సిలరోమీటర్ ఒక్కటే. తెర మీద గురి చూపడానికి రిమోట్ ముందు భాగంలో ఒక పరారుణ కెమెరా ఉండేది, టీవీ దగ్గర పెట్టే పట్టీలోని పరారుణ దీపాలను చూసి అది తన దిశను తెలుసుకునేది. యాక్సిలరోమీటర్ ఒక్కదానితో తిప్పడానికీ, జరపడానికీ తేడా కచ్చితంగా తెలియదు కాబట్టి 2009లో గైరోస్కోప్ ఉన్న మోషన్‌ప్లస్ అనే జోడింపు తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన పరికరాలు చాలావరకు ఈ రెండింటినీ కలిపి వాడుతున్నవే. మన దుకాణాల్లో డబ్బా మీద ‘సిక్స్ యాక్సిస్’ అని రాసి ఉంటే సాధారణంగా దాని అర్థం మూడు దిశల యాక్సిలరోమీటర్, మూడు దిశల గైరోస్కోప్ రెండూ ఉన్నాయని. ఈ రాత ఉన్నదా లేదా అన్నది కొనేటప్పుడు చూడవలసిన మొదటి విషయం. ఎందుకో కింద చెబుతాను.

ఇక నా చేతికి వచ్చిన పరికరాల సంగతి. ప్రకాశం బజార్‌లోని ఒక దుకాణంలో రెండు ఎయిర్ మౌస్ రిమోట్‌లు, అంటే గాలిలో కదిపి బాణం గుర్తును నడిపే రకం, కొన్నాను. రెండూ వెయ్యి రూపాయల లోపువే, రెండింటి మీదా పెద్దగా ఎవరికీ తెలియని పేర్లే ఉన్నాయి కనుక వాటిని పేరు పెట్టి పిలవవలసిన అవసరం లేదు. మొదటిదానిలో గైరోస్కోప్ మాత్రమే ఉంది. రెండోది సిక్స్ యాక్సిస్, దాని వెనుక వైపు చిన్న మీటల కీబోర్డు, ముందు వైపు బొటనవేలి పట్టున టచ్‌ప్యాడ్ ఉన్నాయి. రిమోట్ సంకేతాలను అందుకునే యూఎస్‌బీ డాంగిల్ అనే చిన్న ముక్కను టీవీకి పెడితే చాలు, వేరే అమరిక ఏదీ లేకుండా రెండూ పనిచేస్తాయి.

మొదటి రిమోట్ నా చేతిలో చక్కగా నడిచింది. మామ చేతికి ఇచ్చేసరికి బాణం గుర్తు చెప్పిన మాట వినలేదు. ఆయన కుడి వైపుకు జరిపితే అది కుడి పైమూలకు ఎక్కింది, కిందికి దించితే ఏటవాలుగా పక్కకు పోయింది. కారణం ఆయన చేతిలో లేదు, రిమోట్ రూపకల్పనలో ఉంది. ముంజేయి తిరగదు కాబట్టి ఆయన పట్టులో రిమోట్ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. గైరోస్కోప్ తన శరీరానికి సంబంధించిన పైకి, పక్కకు అనే దిశలనే కొలుస్తుంది, గదిలోని పైకి, పక్కకు అనేవి దానికి తెలియవు. యాక్సిలరోమీటర్ ఉన్న రిమోట్ భూమ్యాకర్షణ దిశను చూసి తాను ఎంత ఒరిగి ఉన్నదో తెలుసుకొని ఆ మేరకు లెక్కను సరిచేయగలదు. రెండో రిమోట్ ఆ పని చేసింది. ఒరిగించి పట్టుకున్నా బాణం నిటారుగా, అడ్డంగా సరిగ్గానే కదిలింది. కొన్ని రూపాయల చిప్పు ఒకటి లేకపోవడం వల్ల ఒక మనిషి చేయి పనికిరానిదిగా కనిపించడం నాకు చాలా బాధ కలిగించింది. మామ ఆ మొదటి రిమోట్‌ను నా చేతిలో పెడుతూ ఒక్క మాటన్నారు: “అల్లుడా, నా చెయ్యి ఇంతే తిరుగుతది. అది నా మాట వినాలె గాని, నేను దాని మాట వినుడేంది?”

ఈ సమీక్ష అంతా ఆ మాట మీదే నడుస్తున్నది. ఆరోగ్యంగా ఉన్న మణికట్టు బొటనవేలి వైపుకు సుమారు 20 డిగ్రీలు, చిటికెనవేలి వైపుకు సుమారు 30 డిగ్రీలు వంగుతుంది. దానికి మోచేయి, భుజం తోడవుతాయి కాబట్టి తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోవడం మనకు ఒక శ్రమగా తోచదు. మామ చేతికి మొత్తం మీద ఉన్నది పది, పదిహేను డిగ్రీల ఆట. అంత తక్కువ కదలికతో తెరంతా తిరగాలంటే బాణం గుర్తు వేగం పెంచుకునే వీలుండాలి. రెండో రిమోట్‌లో ఆ వీలు ఉంది, రెండు మీటలు కలిపి నొక్కితే వేగం మూడు మెట్లలో మారుతుంది. అయితే వేగం పెంచిన కొద్దీ చేతి వణుకు కూడా అంతే పెద్దదై తెర మీద కనిపిస్తుంది. చిన్న చిహ్నం మీద బాణాన్ని నిలపడం అప్పుడు కష్టం. మంచి పరికరం నెమ్మదిగా కదిపినప్పుడు బాణాన్ని తక్కువ దూరం, విసురుగా కదిపినప్పుడు ఎక్కువ దూరం పంపుతుంది. ఈ రిమోట్‌లో ఆ తెలివి కొద్దిగానే ఉంది. మధ్య మెట్టు దగ్గర ఆపుకోవడమే ఆయనకు కుదిరింది.

వేగం కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది, దాని గురించి డబ్బాల మీద ఎవరూ రాయరు. మామూలు మౌస్ బల్ల అంచుకు చేరితే దాన్ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకుంటాం, ఎత్తినంతసేపు బాణం కదలదు. గాలిలో పట్టుకున్న రిమోట్‌కు బల్ల లేదు, ఎత్తడం లేదు. చేయి తన హద్దుకు చేరినప్పుడు బాణాన్ని అక్కడే ఆపి, చేతిని సుఖమైన స్థితికి తెచ్చుకొని, మళ్లీ మొదలుపెట్టే ఉపాయం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. రెండో రిమోట్‌లో బాణాన్ని ఆపే మీట ఉంది. ఒకసారి నొక్కితే ఆగుతుంది, మరోసారి నొక్కితే కదులుతుంది. నొక్కి పట్టుకొని ఉండనక్కరలేదు. ఈ ఒక్క మీటతో మామ పదిహేను డిగ్రీల చేతితో 43 అంగుళాల తెర నాలుగు మూలలకూ చేరగలుగుతున్నారు. మొదటి రిమోట్‌లో అది లేదు. అక్కడ బాణాన్ని తెర అంచుకు గుద్ది, చేతిని ఇంకా ముందుకు తీసుకుపోయి వెనక్కి తెస్తే తప్ప మధ్యకు రాదు. అంత దూరం పోగల చేతికే ఆ ఉపాయం పనికొస్తుంది.

గురి కుదిరిన తర్వాత నొక్కడం మరో మెట్టు. మీట నొక్కగానే రిమోట్ స్వల్పంగా అదురుతుంది, ఆ అదురుకు బాణం పక్క చిహ్నం మీదకు జారుతుంది. వేళ్లు విడిగా ఆడని చేతిలో నొక్కుడంతా అరచేతి బలంతో జరుగుతుంది కనుక అదురు ఇంకా ఎక్కువ. నొక్కిన క్షణంలో బాణాన్ని కాస్త ఆపి ఉంచితే ఈ చిక్కు పోతుంది. అది సాఫ్ట్‌వేర్‌లో చేయగలిగిన పని, అదనపు ఖర్చు లేదు. నేను కొన్న రెండు రిమోట్‌లలోనూ దాన్ని చేయలేదు. రెండోదానిని తయారుచేసినవారు మిగతా విషయాల్లో ఇంత ఆలోచించి దీన్ని వదిలేయడం లోపమే. దీనికి మామ తనకు తానే ఒక దారి కనుక్కున్నారు. ముందు బాణాన్ని ఆపే మీట నొక్కుతారు, తర్వాత ఓకే నొక్కుతారు. ఒక నొక్కు ఎక్కువైనా గురి తప్పదు.

టచ్‌ప్యాడ్ నిజంగా ఉపకారం చేసిన భాగం. గాలిలో కదపడం కష్టమైన రోజుల్లో, ముఖ్యంగా చలికాలపు ఉదయాల్లో కీళ్లు మరీ బిగిసినప్పుడు, రిమోట్‌ను ఒళ్లో పెట్టుకొని బొటనవేలితోనే బాణాన్ని నడుపుతారు. అంగుళంన్నర వెడల్పున్న పలక మీద వేలు మళ్లీ మళ్లీ ఎత్తి రాస్తే ఎంత దూరమైనా పోవచ్చు, మణికట్టు మీద, మోచేతి మీద భారం పడదు. కదలిక, స్పర్శ రెండూ ఒకే పరికరంలో ఉండటం ఆడంబరానికి కాదని నాకు ఇక్కడే తెలిసింది. ఒకటి కుదరని పూట రెండోది ఆదుకోవాలి, రెండింటితోనూ పనంతా పూర్తి కావాలి. అయితే స్పర్శ పలకలకు వాటి ఇబ్బందులు వాటికున్నాయి. చెమట పట్టిన చేతితో ముట్టుకుంటే బాణం ఎగిరి పడుతుంది, ఎందుకంటే నీటి పొర కూడా విద్యుత్ క్షేత్రాన్ని మారుస్తుంది. దీనికి ఎదురుగా, ఏళ్ల తరబడి నాగలి పట్టి, పార పట్టి కాయలు కాసిన వేలి చర్మం బాగా ఎండి మందంగా ఉంటే సంకేతం బలహీనపడుతుంది. మామ చూపుడువేలిని ఆ పలక గుర్తించదు, బొటనవేలి పక్క భాగాన్ని గుర్తిస్తుంది. స్పర్శకు ఎంత సున్నితంగా స్పందించాలో మార్చుకునే వీలు ఈ ధరలో నాకు ఎక్కడా కనిపించలేదు.

వేసవి సంగతి విడిగా చెప్పాలి. మే నెలలో ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. గైరోస్కోప్ నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా సున్నా చూపదు, ఒక చిన్న తప్పును ఎప్పుడూ మోస్తూ ఉంటుంది. రిమోట్ కదలకుండా ఉన్న వేళల్లో ఆ తప్పు ఎంతో కొలుచుకొని తర్వాతి లెక్కల్లోంచి తీసివేస్తుంది. కానీ ఆ తప్పు ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన ఎండ తగిలిన రిమోట్‌ను చేతిలోకి తీసుకుంటే ఎవరూ కదపకుండానే బాణం మెల్లగా ఒక వైపుకు పాకుతూ పోవడానికి కారణం ఇదే. రెండు రిమోట్‌లలోనూ ఇది జరిగింది. బల్ల మీద కాసేపు కదపకుండా ఉంచితే రెండోది తనను తాను సరిచేసుకుంది. మొదటిదానికి సెల్లులు తీసి మళ్లీ వేయవలసి వచ్చింది. ఆ సెల్లుల విషయంలో మాత్రం రెండూ మెచ్చదగినవే, రెండేసి ట్రిపుల్ ఏ సెల్లులతో నడుస్తాయి, అవి ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి. లోపలే బిగించిన లిథియం బ్యాటరీ ఉన్న వాటి కంటే మా వేసవికి ఇవే మేలని నా అభిప్రాయం.

కీబోర్డు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మీటలు మరీ చిన్నవి, తెలుగు అక్షరాలు లేవు, తెర మీది తెలుగు కీబోర్డులో ఒక్క ఒత్తు అక్షరానికి ఎన్నో నొక్కులు పడతాయి. రిమోట్‌లోని మైకు ఆ కష్టాన్ని తీర్చింది. “ఒగ్గు కథ” అని పలికితే యూట్యూబ్‌లో ఒగ్గు కథలు వస్తున్నాయి, మామ సాయంత్రాలు ఇప్పుడు వాటితోనే గడుస్తున్నాయి.

తరగతి గదికి వస్తే అవసరం వేరు. అక్కడ నేను వాడుతున్నది లాజిటెక్ స్పాట్‌లైట్. 2017లో వచ్చిన ఈ పరికరం చూడటానికి స్లైడ్లు మార్చే మామూలు రిమోట్ లాగే ఉన్నా దీని లోపల కదలిక సెన్సర్లు ఉన్నాయి. పై మీటను నొక్కి పట్టుకొని చేయి కదిపితే తెర మీద చుట్టూ చీకటి పడి, మనం చూపిన చోట మాత్రమే వెలుగు వలయం నిలుస్తుంది. అదే వలయాన్ని భూతద్దంగా మార్చుకోవచ్చు, లేజర్ చుక్కలాగా కూడా పెట్టుకోవచ్చు. ఎర్ర లేజర్ దీపాలు ప్రొజెక్టర్ తెర మీద బాగానే కనిపిస్తాయి గాని, కళాశాలల్లో ఇప్పుడు పెడుతున్న, టీవీలా తామే వెలిగే ప్యానెళ్ల మీద సరిగా కనిపించవు, ఆన్‌లైన్‌లో వింటున్న విద్యార్థికి అసలే కనిపించవు. స్పాట్‌లైట్ వలయం కంప్యూటర్ గీసిన బొమ్మ కనుక తెర ఎక్కడ ఉంటే అక్కడల్లా కనిపిస్తుంది. గ్రాఫులు, సర్క్యూట్ బొమ్మలు నిండిన పాఠంలో చివరి బెంచీ విద్యార్థి చూపును ఒక్క రెసిస్టర్ మీదకు తేవడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు.

దీని బ్యాటరీ గురించి తయారీదారు చెప్పే మాట ఒక నిమిషం చార్జింగ్‌తో మూడు గంటల వాడకం, పూర్తిగా చార్జ్ చేస్తే మూడు నెలలు. మధ్యలో కరెంటు పోయిన పూటల్లో ఆ ఒక్క నిమిషపు గుణం నాకు అక్కరకొచ్చింది. 30 మీటర్ల దూరం వరకు పనిచేస్తుందన్నది మా పెద్ద తరగతి గదికి సరిపోయి మిగులుతుంది. పాఠానికి పెట్టుకున్న సమయం ముగియబోతుంటే అరచేతిలో కంపించి చెబుతుంది, గోడ గడియారం వైపు తిరగనక్కరలేదు.

నా కొలత ప్రకారం చూస్తే మాత్రం దీనికి పూర్తి మార్కులు వేయలేను. మీటను నొక్కి పట్టుకున్నంతసేపే వలయం కదులుతుంది, వదిలితే మాయమవుతుంది. బాగున్న చేతికి ఇది గొప్ప సౌకర్యం. చేయి అలసినప్పుడు వదిలి, స్థితి మార్చుకొని, మళ్లీ నొక్కితే చాలు. కానీ బొటనవేలిని నొక్కి ఉంచలేనివారికి ఇదే అడ్డంకి. పైగా స్పర్శ పలక లేదు, ఉన్నవి మూడు మీటలు, వలయం రావాలంటే కంప్యూటర్‌లో దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉండాలి. కీళ్ల నొప్పులున్న అధ్యాపకులు మన కళాశాలల్లో తక్కువేమీ లేరు. ఒకసారి నొక్కితే వెలిగి, మరోసారి నొక్కితే ఆరే ఏర్పాటు ఉంటే వారందరికీ మేలు. ధర నా ఎయిర్ మౌస్‌కు ఎన్నో రెట్లు. బోధనకు ఆ ధర తగినదేనని నా తీర్పు, ఇంటి టీవీ కోసం కొనవలసినది కాదు.

ఆటల కంట్రోలర్లను మహబూబ్‌నగర్‌లో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో చూశాను. వాటి గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఆటల కోసం నిర్మించిన వాటిని రిమోట్ పనికి తూచడం పూర్తి న్యాయం కాదు. నింటెండో మొదటి స్విచ్ ఆటల యంత్రంతో వచ్చిన జాయ్‌కాన్ కంట్రోలర్లు ఒక్కోటి దాదాపు 50 గ్రాములే ఉంటాయి, రెండు చేతుల్లో విడివిడిగా పట్టుకోవచ్చు కనుక చేతులను ఒడిలో ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ ఉంచి ఆడవచ్చు. బిగిసిన భుజాలకు ఈ విడదీత ఎంత ముఖ్యమో రెండు చేతులూ దగ్గర చేర్చలేనివారికే తెలుస్తుంది. ప్లేస్టేషన్ 5తో వచ్చే డ్యూయల్‌సెన్స్‌లో టచ్‌ప్యాడ్, కదలిక సెన్సర్లు రెండూ ఉన్నా బరువు 280 గ్రాములు, రెండు చేతులూ కలిపే పట్టాలి. కళ్లకు పెట్టుకుంటే కల్పిత లోకాన్ని చూపే మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌తో 2023లో వచ్చిన టచ్ ప్లస్ కంట్రోలర్లు స్పర్శను వాడే తీరు నాకు బాగా నచ్చింది. మీటల మీద వేలు ఆనిందా, ఎత్తిందా అన్నది నొక్కకుండానే గుర్తించి, తెరలోని చేయి బొటనవేలు ఎత్తడాన్ని, చూపుడువేలు చాచడాన్ని అలాగే చూపుతుంది. అటువంటిదే అయిన వాల్వ్ ఇండెక్స్ హెడ్‌సెట్ కంట్రోలర్లలో ఈ ఆలోచన ఇంకా ముందుకు పోయింది, ఒక్కోదానిలో 87 సెన్సర్లు ఉండి ప్రతి వేలి స్థితినీ తెలుసుకుంటాయి, పట్టీతో చేతికే కట్టి ఉంటాయి కనుక పిడికిలి విప్పినా జారిపోవు. పట్టు బిగించలేని చేతికి పట్టీతో నిలిచే పరికరం అన్న ఈ ఒక్క ఊహను టీవీ రిమోట్‌లు తయారుచేసేవారు తీసుకుంటే ఎంతమందికి ఉపకారమో. క్వెస్ట్ హెడ్‌సెట్‌ను మామకు పెట్టలేదు. 515 గ్రాముల బరువును బిగిసిన మెడ మీద మోపడం సరికాదు, కంట్రోలర్లు ఎక్కడున్నాయో ఆ హెడ్‌సెట్ కెమెరాలే చూస్తాయి కాబట్టి అది లేకుండా అవి పనిచేయవు.

ఆటల రంగంలో 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ ఈ చర్చలో తప్పక తలచుకోవలసినది. పెద్ద మీటలు రెండు, బయటి మీటలను, స్విచ్చులను తగిలించుకోవడానికి 19 జాక్‌లు ఇచ్చి, మనిషికి ఏది కదులుతుందో దానితోనే ఆడే వీలు కల్పించారు. ఇంకోవైపు యాపిల్ సంస్థ 2015లో తన టీవీ రిమోట్‌లో స్పర్శ పలకతో పాటు యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ పెట్టి, 2021లో కొత్త రిమోట్ తెచ్చినప్పుడు కదలిక సెన్సర్లు రెండింటినీ తీసేసి స్పర్శను, మీటలను మాత్రం ఉంచింది. టీవీ చూసే పనికి గాలిలో చేతులు ఊపడం తప్పనిసరి కాదని దీన్నిబట్టి తెలుస్తున్నది. నేను మాత్రం రెండూ ఉండాలంటాను. మామ వంటివారికి కొన్ని వేళల్లో వేలి కంటే మణికట్టే నయం, కొన్ని వేళల్లో మణికట్టు కంటే వేలే నయం.

కొనేవారు దుకాణంలోనే చేయించి చూడవలసిన పనులు కొన్ని ఉన్నాయి, దుకాణదారు టీవీకి డాంగిల్ పెట్టి చూపించడానికి ఒప్పుకుంటేనే కొనండి. రిమోట్‌ను బల్ల మీద కదపకుండా పెట్టి బాణం వైపు చూడండి, పాకుతూ ఉంటే అది వేసవిలో ఇంకా పాకుతుంది. తర్వాత రిమోట్‌ను పక్కకు బాగా ఒరిగించి పట్టుకొని అడ్డంగా కదపండి, బాణం ఏటవాలుగా పోతే అందులో ఒరుగును సరిచేసే లెక్క లేనట్టే, డబ్బా మీద ఏమి రాసి ఉన్నా సరే. బాణాన్ని ఆపే మీట ఉన్నదా, ఒక్క నొక్కుతో ఆగి అలాగే ఉంటుందా అని అడగండి. మోచేతిని ఒంటికి ఆనించి, మణికట్టును మాత్రమే కొద్దిగా ఆడించి తెర నాలుగు మూలలకూ చేరగలరేమో చూడండి. ఇంట్లో పెద్దవారి కోసం కొంటుంటే వారిని వెంట తీసుకుపోవడం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే ఏ చేయి ఎంత తిరుగుతుందో మన ఊహకు అందదు. మీటలు చీకట్లో వేలికి తగిలి తెలిసేలా ఎత్తుగా ఉన్నాయా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

నా దగ్గరున్న వాటిలో ఇంటికి ఆ సిక్స్ యాక్సిస్ ఎయిర్ మౌస్‌ను, తరగతి గదికి స్పాట్‌లైట్‌ను ఎంచుకున్నాను. ఎయిర్ మౌస్‌లో నొక్కినప్పుడు అదిరే లోపం ఉన్నా, కీబోర్డు పనికిరాకపోయినా, ఆ ధరకు ఒరుగును సరిచేసే లెక్క, ఆపే మీట, స్పర్శ పలక మూడూ కలిసి దొరకడం చిన్న విషయం కాదు. మొదటి రిమోట్‌ను ఎవరికీ సిఫారసు చేయను. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఈ చవక రిమోట్‌లన్నీ తమతో వచ్చిన డాంగిల్‌తోనే మాట్లాడతాయి, అది పోతే రిమోట్ బాగున్నా వృథా, డాంగిల్‌ను విడిగా అమ్మడం నేను అడిగిన ఏ దుకాణంలోనూ లేదు. మీ టీవీలో బ్లూటూత్ ఉంటే బ్లూటూత్‌తో కలిసే రకాన్నే అడిగి తీసుకోండి. లేకపోతే డాంగిల్‌ను టీవీ వెనుక పోర్టుకు పెట్టి, పిల్లల చేతికి అందకుండా టేపుతో అంటించి ఉంచండి.